గోల్ఫ్ స్వింగ్ దిద్దుకోవడం ఎలా: గ్రిప్ నుంచి ప్రాక్టీస్ డ్రిల్స్ దాకా

గోల్ఫ్ మొదలుపెట్టిన మొదటి రెండేళ్లూ నా బంతి కుడివైపుకే పోయేది. కొట్టగానే తిన్నగా వెళ్తున్నట్టే ఉండి, సగం దూరం పోయాక ఎవరో పిలిచినట్టు కుడికి తిరిగేది. అందుకని కాస్త ఎడమకి తిరిగి నిలబడటం మొదలుపెట్టాను. బంతి ఇంకా ఎక్కువ వంగింది. ఇంకాస్త ఎడమకి జరిగాను. రాత్రి వీడియోలు చూడటం, పొద్దున్నే వెళ్లి కొత్త చిట్కా ప్రయోగించడం. ఒకరోజు మోచెయ్యి, ఒకరోజు తల, ఒకరోజు నడుము. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

చివరికి ఒక కోచ్ దగ్గరికి వెళ్లాను. ఆయన నాలుగు బంతులు చూసి, "ఇంక కొట్టకండి. క్లబ్ ఎలా పట్టుకుంటున్నారో చూపించండి" అన్నారు. క్లబ్ అంటే బంతిని కొట్టే కర్ర. ఆ గంటలో నేను మళ్లీ బంతి కొట్టింది చివరి పది నిమిషాల్లోనే.

ఆ గంట తర్వాత నేర్చుకున్నదంతా, నేర్చుకోవాల్సిన వరసలో ఇక్కడ పెడుతున్నాను. కుడిచేతివాటం వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. ఎడమచేతివాటం వాళ్లు కుడిఎడమలు మార్చి చదువుకోండి. ఒకేరోజు అన్నీ చేయాలని మాత్రం చూడకండి, నేను చేసిన తప్పు అదే.

మొదటి మెట్టు: బంతి ఏం చెబుతోందో చదవండి

స్వింగ్, అంటే క్లబ్ ఊపే తీరు, దిద్దుకోవాలనగానే మనం అది చూడటానికి ఎలా ఉందా అని ఆలోచిస్తాం. బంతికి ఆ అందంతో పనిలేదు. క్లబ్ బంతిని తాకి ఉండేది దాదాపు అర మిల్లీసెకను, అంటే సెకనులో రెండువేలో వంతు. ఆ కాస్త సమయంలో బంతికి తెలిసేవి కొన్నే: ఫేస్ (క్లబ్ తలలో బంతిని తాకే ముఖం) ఎటు చూస్తోంది, క్లబ్ తల ఏ దారిన, ఏ కోణంలో, ఎంత వేగంతో వస్తోంది, ఫేస్ మీద ఏ చోట తగిలింది. అంతకుముందు మీరు ఎన్ని మెలికలు తిరిగారో దానికి అక్కర్లేదు.

అమెరికా ఆటగాడు జిమ్ ఫ్యూరిక్ స్వింగ్ ఎప్పుడైనా చూశారా? క్లబ్ పైకి నిటారుగా వెళ్లి, దిగేటప్పుడు పెద్ద మెలిక తిరిగి వేరే దారిలో వస్తుంది. అలా కొట్టమని ఏ కోచ్ కూడా చెప్పడు. కానీ ఆయన 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. 2016లో అమెరికాలోని ప్రధాన ప్రొఫెషనల్ పోటీల వరస అయిన పీజీఏ టూర్‌లో ఒక రౌండ్‌ను 58 షాట్లలో ముగించాడు. ఆ టూర్‌లో అంతకుముందు ఎవరికీ రానంత తక్కువ స్కోరు అది. క్లబ్ బంతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతిసారీ ఒకేలా వస్తుంది, ఆయన రహస్యమంతా అంతే.

కాబట్టి ముందు బంతి ప్రయాణాన్ని రెండు ముక్కలుగా చూడటం అలవాటు చేసుకోండి. ఎటు బయల్దేరింది, తర్వాత ఎటు వంగింది.

బయల్దేరే దిశను ఎక్కువగా నిర్ణయించేది క్లబ్ ఫేస్. ఐరన్లతో (పలకలాంటి లోహపు తల ఉన్న క్లబ్బులు) సుమారు మూడొంతులు, డ్రైవర్‌తో (అన్నిటికంటే పొడవైన, దూరం కొట్టే క్లబ్) అంతకంటే ఎక్కువే ఫేస్ చేతిలో ఉంటుంది. వంపును నిర్ణయించేది ఫేస్‌కీ, క్లబ్ కదిలే దారికీ మధ్య ఉన్న తేడా. దారితో పోలిస్తే ఫేస్ కుడికి తెరుచుకుని ఉంటే బంతి కుడికి వంగుతుంది, దాన్నే స్లైస్ అంటారు. ఎడమకి మూసుకుని ఉంటే ఎడమకి వంగుతుంది, అది హుక్. ఒకప్పుడు దీన్ని తలకిందులుగా చెప్పేవారు: బంతి క్లబ్ దారిలో బయల్దేరి, ఫేస్ చూసే వైపు వచ్చి ఆగుతుందని. రాడార్‌తో కొలిచే యంత్రాలు వచ్చాక ఆ మాట నిలబడలేదు. పాత లెక్క చెప్పేవాళ్లు ఇప్పటికీ తగులుతారు, జాగ్రత్త.

ఇప్పుడు నా కథకి రండి. స్లైస్‌కి భయపడి నేను ఎడమకి తిరిగి నిలబడ్డాను. దాంతో క్లబ్ దారి ఇంకా ఎడమకి మళ్లింది. ఫేస్ మాత్రం అలవాటు కొద్దీ గురివైపే చూస్తోంది. రెంటి మధ్య తేడా పెరిగింది, వంపూ పెరిగింది. మందు వేసుకున్న కొద్దీ జబ్బు ముదిరింది.

మీరు చేయాల్సింది ఇది. 7 నంబరు ఐరన్‌తో పది బంతులు కొట్టండి. చిన్న నోట్‌బుక్‌లో రెండు గళ్లు గీసుకుని ఒకదాంట్లో బయల్దేరిన వైపు, రెండోదాంట్లో వంగిన వైపు రాయండి. ఎంత దూరం పోయిందన్నది రాయొద్దు, అసలు చూడొద్దు. పదింట్లో ఏడు ఒకే రకంగా ఉంటే మీ జబ్బేమిటో తెలిసినట్టే. పదీ పది రకాలుగా ఉంటే అసలు సమస్య దిశ కాదు, బంతి ఫేస్ మీద ఎక్కడ తగులుతోందన్నది.

దాన్నీ చూసేయండి. వైట్‌బోర్డు మీద రాసే మార్కర్‌తో బంతి మీద పెద్ద చుక్క పెట్టి, ఆ చుక్క క్లబ్ వైపు ఉండేలా పెట్టి కొట్టండి. ఫేస్ మీద మరక పడుతుంది. తుడిచి మళ్లీ కొట్టండి. డ్రైవర్‌తో ఇది తప్పకుండా చేయాలి. ఎందుకంటే డ్రైవర్ కొసవైపు తగిలిన బంతి ఎడమకి, షాఫ్ట్ (క్లబ్ కర్ర) వైపు మడమ దగ్గర తగిలిన బంతి కుడికి వంగే గుణం ఉంది. స్వింగ్ సరిగ్గానే ఉన్నా మడమ దగ్గర తగలడం వల్ల స్లైస్ వస్తుంటే, దారి దిద్దుకోవాలని నెల్లాళ్లు కష్టపడి లాభం ఉండదు. కాస్త వెనక్కి జరిగి నిలబడితే సరిపోయేదేమో!

రెండో మెట్టు: గ్రిప్

నన్ను అడిగితే ఈ వ్యాసంలో సగం ఇదే ఉండాలి. మీకూ క్లబ్‌కూ మధ్య ఉన్న ఒకే ఒక్క ముడి చేతులు. అక్కడ తప్పు ఉంటే దాన్ని సర్దడానికి ఒళ్లంతా ఇంకో తప్పు చేయాల్సి వస్తుంది.

ఎడమ చేత్తో మొదలుపెట్టండి. చెయ్యి పక్కన సహజంగా వేలాడనివ్వండి, అలాగే తీసుకొచ్చి క్లబ్ మీద పెట్టండి. క్లబ్ అరచేతికి అడ్డంగా కాదు, వేళ్లలో ఐమూలగా ఉండాలి. చూపుడు వేలి మధ్య కణుపు దగ్గర మొదలై, చిటికెన వేలి వైపున ఉన్న అరచేతి దిండు కిందికి రావాలి. వేళ్లు ముడిచాక ఆ దిండు క్లబ్ మీద కూర్చుంటుంది. సరిగ్గా పట్టుకున్నారా అన్నది తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మూడు వేళ్లు వదిలేసి చూపుడు వేలి వంకీ మీదా, ఆ దిండు కిందా మాత్రమే క్లబ్‌ను ఆపి పైకెత్తండి. ఆగితే పట్టు వేళ్లలో ఉంది. జారిపోతే అరచేతిలో ఉంది.

ఇప్పుడు పైనుంచి కిందికి చూడండి. ఎడమ చేతి పిడికిలి కణుపులు ఎన్ని కనిపిస్తున్నాయి? రెండు, లేదా రెండున్నర కనిపించాలి. ఒక్కటే కనిపిస్తే పట్టు 'వీక్', ఫేస్ తెరుచుకునే ప్రమాదం ఎక్కువ. నాలుగూ కనిపిస్తుంటే మరీ 'స్ట్రాంగ్', బంతి ఎడమకి పోతుంది. ఈ వీక్, స్ట్రాంగ్ అన్నవి చెయ్యి ఎటు తిరిగి ఉందో చెప్పే మాటలు, బలానికి సంబంధం లేదు. నాకు కనిపించింది ఒక కణుపు, అదీ సగమే.

కుడి చెయ్యి కింద నుంచి వస్తుంది. నడిమి రెండు వేళ్లు ప్రధానం. కుడి అరచేతిలోని ఆయుష్షు రేఖ సరిగ్గా ఎడమ బొటనవేలి మీద పడాలి, ఆ వేలు కనబడకుండా మూసుకుపోవాలి. రెండు చేతుల్లోనూ బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఏర్పడే గీత మీ కుడి భుజం వైపు చూపించాలి.

చిటికెన వేలిని ఏం చేయాలి? మూడు పద్ధతులున్నాయి. కుడి చిటికెన వేలిని ఎడమ చూపుడు వేలి మీద ఆనించడం ఒకటి. దాన్ని బాగా వాడుకలోకి తెచ్చిన హ్యారీ వార్డన్ పేరుతోనే పిలుస్తారు. ఆయన బ్రిటన్‌లో జరిగే ఓపెన్ చాంపియన్‌షిప్‌ను ఆరుసార్లు గెలిచాడు. ఆ రెండు వేళ్లనూ ఒకదాంట్లో ఒకటి మెలిపెట్టడం రెండోది, జాక్ నిక్లస్, టైగర్ వుడ్స్ ఇద్దరిదీ ఇదే. పది వేళ్లూ క్లబ్ మీదే పెట్టడం మూడోది. మీ చేతికి ఏది కుదిరితే అది. దీని మీద వాదనలు పెట్టుకుని గంటలు గడిపేవాళ్లని చూశాను, దండగ.

ఎంత గట్టిగా పట్టుకోవాలంటే, చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తున్నప్పుడు ఎలా పట్టుకుంటారో అలా. విడిపించుకుని పరిగెత్తకూడదు, నొప్పీ పుట్టకూడదు. మోచెయ్యి కింది కండలు బిగుసుకుంటే మణికట్లు కదలవు, ఫేస్ మూసుకోదు.

కొత్త గ్రిప్ కొత్త చెప్పుల్లాంటిది, మొదట్లో కరుస్తుంది. మొదటి వారం బంతులు ఎడమకి దూసుకుపోవచ్చు, అసలు తగలకనే పోవచ్చు. అప్పుడే పాత పట్టుకి వెళ్లిపోవాలనిపిస్తుంది. దీనికి మంచి ఉపాయం ఇంట్లో సాధన. ఒక క్లబ్ కుర్చీ పక్కన పెట్టుకోండి. రోజుకి ఇరవైసార్లు పట్టుకుని, చూసి, వదిలేయండి. ఊపక్కర్లేదు. రెండు వారాల్లో చేతికి అదే అసలు పట్టు అనిపిస్తుంది.

మూడో మెట్టు: నిలబడే తీరు

ఇది తొందరగా అయిపోతుంది, ఎందుకంటే కష్టమైనది ఏమీ లేదు. ఐరన్లకి పాదాలు భుజాలంత ఎడం, డ్రైవర్‌కి ఇంకాస్త. వంగేది నడుము దగ్గర కాదు, తుంటి దగ్గర. వీపు గూనిలా కాకుండా తిన్నగా ఉండాలి. మోకాళ్లు కొద్దిగా సడలించాలి. చేతులు భుజాల నుంచి వేలాడాలి. బంతికి ఎంత దూరంలో నిలబడాలో తెలియకపోతే, కుడి చెయ్యి వదిలేసి వేలాడనివ్వండి. అది తిన్నగా వెనక్కి క్లబ్ పిడి మీదికే వస్తే దూరం సరిపోయింది. దానికోసం ముందుకు చాచాల్సి వస్తే మీరు దూరంగా ఉన్నారు.

బంతి స్థానం కూడా ముఖ్యమే. చిన్న ఐరన్లకి పాదాల మధ్యలో, క్లబ్ పొడుగయ్యే కొద్దీ కొంచెం కొంచెంగా ముందుకి, డ్రైవర్‌కి ఎడమ మడమ లోపలి అంచుకి ఎదురుగా.

గురి విషయంలో అందరూ పడే గుంట ఒకటుంది. భుజాలను జెండా వైపు గురిపెడతారు. అలా చేస్తే మీరు కుడికి నిలబడ్డట్టే. రైలు పట్టాలు గుర్తు తెచ్చుకోండి. బయటి పట్టా మీద బంతీ, గురీ ఉంటాయి. లోపలి పట్టా మీద మీ పాదాలు, తుంటి, భుజాలు. రెండూ సమాంతరం. ప్రాక్టీస్‌లో నేల మీద రెండు కర్రలు వేసి నిలబడండి. నెల రోజులు వాటిని తీయకండి. కంటి చూపు మోసం చేసినంతగా ఇంకేదీ చేయదు.

నాలుగో మెట్టు: డ్రిల్స్

కింద రాసినవన్నీ ఒకే మనిషికి అవసరం రావు. మీ నోట్‌బుక్ ఏం చెప్పిందో దాన్ని బట్టి ఒకటో రెండో ఎంచుకోండి. మొదటి రెండూ మాత్రం అందరికీ.

సగం స్వింగ్. మీరు గడియారం మధ్యలో ఉన్నారనుకోండి, తల దగ్గర పన్నెండు, బంతి దగ్గర ఆరు. ఎడమ చెయ్యి తొమ్మిది దాకా వెళ్లాలి, అంటే నేలకి సమాంతరంగా. అక్కడ మణికట్టు వంగి క్లబ్ ఆకాశం వైపు ఉండాలి. చెయ్యీ, క్లబ్బూ కలిసి ఇంగ్లిష్ 'ఎల్' అక్షరంలా కనిపిస్తాయి. అక్కణ్ణుంచి దిగి అవతలివైపు మూడు దాకా, అక్కడ మళ్లీ అదే 'ఎల్'. 8 ఐరన్‌తో, మామూలు దూరంలో సగం పోయినా చాలనుకుని కొట్టండి. ఇది పిల్లల ఆటలా కనిపిస్తుంది. పది బంతులు వరసగా తిన్నగా కొట్టి చూడండి, అప్పుడు తెలుస్తుంది. పెద్ద స్వింగ్‌లో దాక్కునే తప్పులన్నీ ఇందులో బయటపడతాయి. నేను మూడు వారాలు దీన్ని దాటి వెళ్లలేదు.

తువ్వాలు. ఐరన్ షాట్‌లో క్లబ్ ముందు బంతిని, తర్వాత నేలని తాకాలి. గడ్డి లేచిపోయిన గుంట బంతి ఉన్నచోటుకి ముందు, అంటే గురి వైపు పడాలి. బంతికి వెనకే నేల తగిలితే అదే ఫ్యాట్ షాట్, చేతులు ఝుమ్మంటాయి, బంతి పదడుగులు దొర్లుతుంది. దీనికి బంతికి బెత్తెడు వెనక చిన్న తువ్వాలు మడిచి పెట్టి, అది కదలకుండా కొట్టాలి. మొదట తువ్వాలు ఎగురుతుంది, కంగారు పడకండి. కారణం దాదాపుగా ఒకటే: బంతిని పైకి లేపాలని మీరు వెనక్కి వాలుతున్నారు. లేపే పని క్లబ్ వాలుది, మీది కాదు. బరువు ఎడమ కాలి మీదికి వెళ్లనివ్వండి. కావాలంటే మొదట్నించే అరవై శాతం బరువు ఎడమ కాలి మీద ఉంచి కొట్టి చూడండి.

ప్లాస్టిక్ మ్యాట్ మీద ప్రాక్టీస్ చేసేవాళ్లకి ఈ డ్రిల్ తప్పనిసరి. మ్యాట్ అబద్ధాలు చెబుతుంది. క్లబ్ రెండంగుళాలు వెనక తగిలినా మ్యాట్ మీద జారి బంతిని కొట్టేస్తుంది, షాట్ బాగానే పోతుంది. అదే షాట్ గడ్డి మీద మట్టిలో కూరుకుపోతుంది. రేంజ్‌లో (ప్రాక్టీస్ చోట) పులి, కోర్సులో (అసలు ఆడే మైదానంలో) పిల్లి అయ్యేది ఇలాగే. గడ్డి దొరికితే నేల మీద గీత గీసి, బంతి లేకుండా ఊపి, గుంట గీతకి ఎటువైపు పడుతోందో చూడండి. ఇంతకంటే నిజాయితీగా చెప్పే గురువు లేడు.

క్లబ్ కవర్. స్లైస్ ఉన్నవాళ్లకి. క్లబ్ బయటినుంచి లోపలికి కోసుకుంటూ వస్తోందన్న అనుమానం ఉంటే, బంతికి ఓ అడుగు వెనక, గురి గీతకి కొద్దిగా అవతలి పక్కన, అంటే మీకు దూరంగా ఉన్న పక్కన, డ్రైవర్ కవర్ పెట్టండి. దిగేటప్పుడు భుజం ముందు తిరిగిపోతే క్లబ్ కవర్‌ని కొడుతుంది. తగలకుండా కొట్టాలంటే క్లబ్ లోపలినుంచే రాక తప్పదు. ఇందులో గొప్ప ఏమిటంటే 'భుజం ఆపు, మోచెయ్యి దించు' అని ఆలోచించక్కర్లేదు. అడ్డం చూడగానే ఒళ్లు దానంతటదే దారి వెతుక్కుంటుంది. శరీరభాగం మీద కంటే క్లబ్ మీదో, గురి మీదో ధ్యాస పెట్టినవాళ్లు బాగా నేర్చుకుంటారని గాబ్రియేల్ వుల్ఫ్ వంటి పరిశోధకులు 1990ల నుంచీ చూపిస్తూ వచ్చారు. వాటిలో గోల్ఫ్‌లో దగ్గరినుంచి ఎత్తుగా వేసే పిచ్ షాట్ల మీద చేసిన ప్రయోగమూ ఉంది.

ఒక్క హెచ్చరిక: గ్రిప్ దిద్దకుండా ఈ డ్రిల్ చేయకండి. ఫేస్ తెరుచుకునే ఉండి దారి మాత్రం మారితే బంతి కుడికే బయల్దేరి, కుడికే వంగుతుంది. అసలుకే ఎసరు.

పాదాలు దగ్గరగా. రెండు పాదాలూ కలిపి నిలబడి సగం స్వింగ్. బలంగా ఊగితే పడిపోతారు, కాబట్టి ఊగరు. చేతులతో లాగేవాళ్లకీ, ఒళ్లంతా పక్కకి ఊగేవాళ్లకీ ఇది బాగా పనిచేస్తుంది.

తిరగేసిన క్లబ్. డ్రైవర్‌ని తల దగ్గర పట్టుకుని, పిడి కిందికి ఉండేలా ఊపండి. 'సుయ్' మని శబ్దం వస్తుంది. అది ఎక్కడ వినిపిస్తోందో చెవి పెట్టండి. కుడి భుజం దగ్గరే వినిపిస్తే మీ వేగమంతా బంతి దాకా రాకుండానే ఖర్చయిపోతోంది. బంతి ఉండేచోట, ఇంకా చెప్పాలంటే దాన్ని కాస్త దాటాక వినిపించాలి. దూరం చాలడం లేదని బాధపడేవాళ్లు జిమ్‌కి వెళ్లేముందు ఇది చేసి చూడండి.

గోడ. దిగేటప్పుడు తుంటి బంతి వైపు తోసుకొచ్చి, నిటారుగా లేచిపోయేవాళ్లకి. గోడకి వీపు పెట్టి, పిరుదులు గోడని తాకేలా స్వింగ్ భంగిమలో నిలబడండి. చేతులు ఛాతీ మీద కట్టుకోండి. వెనక్కి తిరిగేటప్పుడు కుడి పిరుదు, దిగేటప్పుడు ఎడమ పిరుదు గోడకి ఆనాలి. మధ్యలో రెండూ గోడని వదిలేస్తే దొరికిపోయినట్టే. క్లబ్ అక్కర్లేదు, రోజూ రెండు నిమిషాలు చాలు.

లయ గురించి విడిగా

మంచి ఆటగాళ్లలో కొందరి స్వింగ్ వేగంగా, కొందరిది నిదానంగా కనిపిస్తుంది. కానీ ఫ్రేములు లెక్కపెడితే చాలామందిలో ఒక నిష్పత్తి కనిపిస్తుంది: పైకి వెళ్లడానికి మూడు వంతుల సమయం, దిగి బంతిని తాకడానికి ఒక వంతు. సుమారుగా ముప్పావు సెకను, పావు సెకను. మొత్తం కలిపి ఒక్క సెకను.

దీన్ని ఒంటికి పట్టించడానికి నాకు దొరికిన మార్గం మృదంగం పాఠాల్లో వినే 'తకతకిట'. ఐదు అక్షరాలు, అన్నీ సమానంగా. మొదటి 'త' అంటూ క్లబ్ కదపండి. నాలుగో అక్షరం 'కి' దగ్గర క్లబ్ పైన ఉండాలి. ఐదోది 'ట' అనేసరికి బంతి తగలాలి. మూడు అంగలు పైకి, ఒక అంగ కిందికి, లెక్క సరిగ్గా కుదురుతుంది. మొదట బంతి లేకుండా నోటితో అంటూ ఊపండి. పక్కవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. చాలామందికి ఇందులో ఎదురయ్యే ఆశ్చర్యం ఏమిటంటే, పైకి వెళ్లేది తాము అనుకున్నదానికంటే చురుగ్గా వెళ్లాలి. 'నిదానంగా, నిదానంగా' అనే సలహా విని మరీ మెల్లగా ఎత్తి, పైన ఒక్కసారి గుంజేవాళ్లే ఎక్కువ.

ఐదో మెట్టు: ప్రాక్టీస్‌ని ప్రాక్టీస్‌లా చేయడం

రెండు వందల బంతులు గబగబా కొట్టేసి చెమటలు కక్కుకుంటూ ఇంటికి రావడం వ్యాయామం. అరవై బంతులు చాలు, గంట సమయం తీసుకోండి.

ముందు ఐదు నిమిషాలు ఒళ్లు వేడెక్కించండి. నడుం తిప్పడం, తుంటి ఊపడం, క్లబ్ భుజాల మీద పెట్టుకుని నెమ్మదిగా తిరగడం. సరదాగా ఆడేవాళ్లలో ఎక్కువగా దెబ్బతినేది నడుమే. తర్వాత చిన్న క్లబ్‌తో సగం స్వింగ్‌లు ఓ పది. ఆపైన ఇరవై బంతులు మీరు ఎంచుకున్న ఒక్క డ్రిల్ మీద. వరసగా కాదు: డ్రిల్ రెండుసార్లు బంతి లేకుండా, ఒకసారి బంతితో. వేగం సగమే. ఇక్కడ ఒకటి గమనించాలి. మీకు అనిపించేది వేరు, నిజంగా జరిగేది వేరు. మార్పు కోసం మీరు చాలా ఎక్కువ చేసినట్టు అనిపిస్తేగానీ వీడియోలో కొంచెమైనా కనిపించదు. కాబట్టి ప్రాక్టీస్‌లో అతిగా చేయండి.

ఫోన్ వాడేటప్పుడు దాన్ని ఎక్కడ పడితే అక్కడ పెట్టకండి. ఒకటి మీకు ఎదురుగా, ఛాతీకి సూటిగా. రెండోది గురి గీతకి వెనక, చేతుల ఎత్తులో, పాదాల గీతకీ బంతికీ మధ్యనుంచి గురి వైపు చూసేలా. కెమెరా జానెడు పక్కకి జరిగినా సరైన దారి తప్పుగా కనిపిస్తుంది, లేని జబ్బుకి వైద్యం మొదలవుతుంది. స్లోమోషన్‌లో తీయండి. ఆరోజు దిద్దుకుంటున్న ఆ ఒక్కదాన్నే చూడండి. మిగతావి కనబడతాయి, కళ్లు మూసుకోండి.

మిగిలిన ముప్పై బంతులు ఆటలా కొట్టాలి. ఒకసారి డ్రైవర్, తర్వాత 8 ఐరన్, తర్వాత దగ్గరి షాట్లకి వాడే వెడ్జ్. ప్రతిసారీ కొత్త గురి, ప్రతిసారీ వెనక్కి వెళ్లి చూసి, ఊపిరి తీసుకుని, నిలబడి కొట్టడం. ఒకే క్లబ్‌తో ఒకే గురికి ముప్పై కొడితే చివరికి అద్భుతంగా పోతుంటాయి, దాన్ని నమ్మకండి. 1979లో షియా, మోర్గన్ అనే ఇద్దరు పరిశోధకులు చేతి కదలికలు నేర్పిస్తూ ఇదే గమనించారు. ఒకే పనిని వరసగా చేసినవాళ్లు సాధన సమయంలో బాగా చేశారు. కలిపి చేసినవాళ్లు అప్పుడు తడబడ్డా, తర్వాత పరీక్షించినప్పుడు వాళ్లకే బాగా గుర్తుంది. కోర్సులో ఎవరూ మీకు రెండో బంతి ఇవ్వరు కదా.

కోచ్ దగ్గరికి ఎప్పుడు, ఎలా

ఇదంతా సొంతంగా చేసుకోగలిగినా, గ్రిప్ మాత్రం ఒక్కసారైనా తెలిసినవాళ్ల చేత చూపించుకోండి. మొదటి పాఠంలో మంచి కోచ్ ముందు అడుగుతాడు: నడుం నొప్పి, మోకాలి నొప్పి ఉన్నాయా, వారానికి ఎంత సమయం పెట్టగలరు, ఏం కావాలి. తర్వాత మాట్లాడకుండా కాసేపు చూస్తాడు. చివరికి ఒక్కటే మార్పు చెప్పి, దానికో డ్రిల్ ఇస్తాడు. 'ఎందుకు' అని అడిగితే బంతి ప్రయాణంతో ముడిపెట్టి జవాబు చెప్పగలగాలి. ఒకే గంటలో గ్రిప్, తల, మోచెయ్యి, పాదం అన్నీ మార్చేస్తే ఆ కోచ్‌ని మార్చండి. పాఠానికీ పాఠానికీ మధ్య రెండు మూడు వారాలు వదలండి, లేకపోతే చెప్పింది ఒంటికి పట్టేలోపే కొత్తది వచ్చి పడుతుంది.

స్కోరు కొన్నాళ్లు పాడవుతుంది, ఇది ముందే తెలుసుకోండి. టైగర్ వుడ్స్ 1997లో మాస్టర్స్ టోర్నమెంట్‌ని పన్నెండు షాట్ల తేడాతో గెలిచి, ఆ తర్వాత కోచ్ బుచ్ హార్మన్‌తో కూర్చుని స్వింగ్ మార్చుకున్నాడు. 1998లో పీజీఏ టూర్‌లో ఒక్క టోర్నమెంటే గెలిచాడు. 1999లో ఎనిమిది, 2000లో తొమ్మిది. రోజంతా అదే పనిగా ఉన్న అంతటివాడికే ఏడాదికి పైగా పట్టింది. వారానికి రెండు గంటలు పెట్టే మనకి పట్టదా?

రెండో పాఠానికి వెళ్లేటప్పుడు ఆ రెండు గళ్ల నోట్‌బుక్ తీసుకెళ్లండి. నేను తీసుకెళ్లాను. మా కోచ్ నా స్వింగ్ చూడకముందే పేజీలు తిప్పి, "వంపు తగ్గింది. అయితే ఈ మధ్య బంతి వెనక మట్టి తగులుతోంది కదూ?" అన్నారు. నేను అది ఎక్కడా రాయలేదు. ఎలా తెలిసిందని అడిగితే, చివరి రెండు పేజీల్లో సగం గళ్లు ఖాళీగా ఉన్నాయని చూపించి, "ఎటూ పోని బంతికి దిశేం రాస్తారు?" అని నవ్వి, సంచిలోంచి తువ్వాలు తీశారు.